తాడవతల నిలబడేవాడి పని

పెద్దోడికీ, చిన్నోడికీ,

మీ ఉత్తరం చదివాను. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఇద్దరూ కలిసి ట్యాగ్ టీమ్‌గా, అంటే చెయ్యి తాకించి (అదే ట్యాగ్) ఒకరి తర్వాత ఒకరు రింగులోకి దిగే జోడీగా, ఆడాలని తేల్చుకున్నందుకు సంతోషం. అయితే ఫినిషర్ (మ్యాచ్ ముగించే దెబ్బ) ఏం పెట్టుకోవాలి, డ్రెస్సులు ఏ రంగువి, ఎంట్రన్స్ మ్యూజిక్ ఎలా ఉండాలి అని పేజీలకు పేజీలు రాశారు. ఒకడు రింగులో తన్నులు తింటున్నంతసేపూ రెండోవాడు బయట ఏం చేస్తాడో మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. నన్నడిగితే మన వృత్తి మొత్తం అక్కడే ఉంది, ఏప్రన్ మీద, అంటే తాళ్ళ బయట రింగు అంచు మీద, కార్నర్‌కి కట్టిన ఆ చిన్న తాడు పట్టుకుని నిలబడే చోట.

ఫలితం ముందే అనుకుని ఆడే ఆట మనది. ఆ సంగతి టిక్కెట్టు కొన్నవాళ్ళకీ తెలుసు. తెలిసి కూడా వాళ్ళు కుర్చీల్లోంచి లేవాలి. ఒంటరిగా ఆడేవాడు దానికోసం నానా తంటాలూ పడతాడు. జోడీకి కావలసిన సరంజామా రింగులోనే ఉంది. దెబ్బలు తినేవాడు ఒకడు, ఆదుకోగలిగినవాడు ఇంకొకడు, మధ్యలో నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల్ని ఎంతసేపు సాగదీయగలరో మీ సత్తా అంత.

రిక్కీ మోర్టన్ పాత మ్యాచ్‌లు వెతికి చూడండి. అతనూ రాబర్ట్ గిబ్సనూ 1983లో అమెరికాలోని మెంఫిస్‌లో రాక్ ఎన్ రోల్ ఎక్స్‌ప్రెస్ అనే జోడీగా కలిశారు, 1985లో ఎన్‌డబ్ల్యూఏ అనే రెజ్లింగ్ సంఘం వరల్డ్ ట్యాగ్ బెల్టులు గెలిచారు. మోర్టన్‌ది పెద్ద శరీరమేమీ కాదు. అతని గొప్పంతా దెబ్బ తినడంలో ఉంది. లాకర్ రూంలో ఇప్పటికీ ఆ పాత్రకి అతని పేరే పెట్టి పిలుస్తారు. ఒరేయ్ చిన్నోడా, అది నీ పాత్ర. ఎప్పుడూ నేనే ఎందుకు తన్నులు తినాలి అని మొహం ముడుచుకోకు. జనం గుండెలో దూరేది నువ్వే.

వాళ్ళ పద్ధతి ఎలా నడుస్తుందో నెమ్మదిగా గమనించండి. మోర్టన్ పాక్కుంటూ వచ్చి చెయ్యి అందిస్తాడు, గిబ్సన్ ట్యాగ్ తీసుకుని లోపలికి దూకుతాడు కూడా. కానీ సరిగ్గా అప్పుడే అవతలి జోడీలో ఒకడు రిఫరీతో గొడవ పెట్టుకుని అతన్ని అటు తిప్పి ఉంచుతాడు. రిఫరీ కంట పడని ట్యాగ్ చెల్లదు. అతను గిబ్సన్‌ని బయటికి తోస్తుంటే, ఆ వీపు వెనకాల ఇద్దరూ కలిసి మోర్టన్‌ని మళ్ళీ తమ కార్నర్‌కి ఈడ్చుకుపోతారు. హాలంతా రిఫరీని తిట్టిపోస్తుంది. ఆ తర్వాత నిజంగా చెయ్యి తగిలినప్పుడు లేచే అరుపే హాట్ ట్యాగ్. ఆ అరుపుకి కారణం గిబ్సన్ కొట్టే దెబ్బలు అనుకుంటే పొరపాటు. అంతకుముందు అతను లోపలికి రాలేకపోవడమే కారణం.

అందుకని పెద్దోడా, నీకు నాలుగు మాటలు. కార్నర్‌లో నిలబడి జనానికి చేతులూపకు. నీ చూపు చిన్నోడి మీదే ఉండాలి, వాడు కింద పడితే నీ ఒళ్ళు కూడా ముందుకి వంగాలి. తాడు వదలకు. కోపం వచ్చిందని ప్రతి దెబ్బకీ లోపలికి దూకకు. ఎన్నిసార్లు ఉత్తపుణ్యానికి దూకితే నీ అసలు ట్యాగ్ అంత చప్పబడుతుంది. ట్యాగ్ పడ్డాక మాత్రం నెమ్మది పనికిరాదు. రెండు క్లోత్స్‌లైన్లు (చాచిన చేత్తో మెడకి కొట్టే దెబ్బ), ఒక స్లామ్ (ఎత్తి పడెయ్యడం), అవతలి రెండోవాడిని ఏప్రన్ మీంచి కింద పడెయ్యడం, అంతే. నీకు వచ్చిన విద్యలన్నీ అక్కడ ప్రదర్శించాలని చూశావా, చిన్నోడు అంతసేపు కూడబెట్టింది నీ చేతులతోనే తగలేస్తావు.

ఇంకో సంగతి జనానికి కనిపించదు. చిన్నోడు నటిస్తున్నాడా, నిజంగానే దెబ్బ తగిలిందా అని హాలులో అందరికన్నా ముందు పసిగట్టాల్సింది నువ్వే. మీ ఇద్దరికీ రిఫరీకీ తెలిసిన ఒక గుర్తు పెట్టుకోండి. చిన్నోడు రిఫరీ చేతిని గట్టిగా నొక్కితే బాగున్నట్టు, నొక్కకపోతే మ్యాచ్ త్వరగా ముగించాలన్నట్టు, ఇలాంటిదేదో ఒకటి. గుర్తు రాకపోతే ముందు అనుకున్న ముగింపు ఏదైనా సరే పక్కన పెట్టి ట్యాగ్ తీసుకో.

హీల్స్‌గా, అంటే విలన్లుగా, ఆడమంటే సంబరంగా ఒప్పుకోండి, అక్కడ నేర్చుకునేది ఎక్కువ. రింగుని సగానికి కోసెయ్యడం అంటాం. అవతలివాడిని మన సగంలోనే ఉంచి, వాడి కార్నర్ కనిపిస్తున్నా చేరనివ్వకుండా, చకచకా ట్యాగులు మార్చుకోవడం. ఆర్న్ ఆండర్సన్, టల్లీ బ్లాంచార్డ్ ఇందులో పండితులు. మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ జోడీ అంతకన్నా చూడముచ్చట. 1986లో మోర్టన్, గిబ్సన్‌ల దగ్గర బెల్టులు లాక్కున్నది వాళ్ళే. 1987లో ఆ జోడీలోంచి డెన్నిస్ కాండ్రీ వెళ్ళిపోయాడు, స్టాన్ లేన్ వచ్చాడు, 1988లో మళ్ళీ అవే బెల్టులు. మారనివాడు బాబీ ఈటన్. తన పేరు కన్నా అవతలివాడు బాగా కనపడటం మీదే అతనికి శ్రద్ధ. అందుకే ఎవరితో జత కట్టినా పనయింది. మాట్లాడటం మాత్రం మేనేజర్ జిమ్ కార్నెట్‌కి వదిలేశారు. మీ ఇద్దరికీ మైకు చేతికిస్తే నోట్లోంచి మాట రాదు కాబట్టి, వాగ్ధాటి ఉన్న మేనేజర్‌ని ఒకణ్ణి వెతుక్కోండి. చిన్నతనమేమీ కాదు. హాక్, యానిమల్ జోడీ రోడ్ వారియర్స్ అంతటి కొండల్లాంటి మనుషులకి మేనేజర్‌గా పాల్ ఎల్లరింగ్ ఉండేవాడు. టీవీలో మాటలే కాదు, బయట వాళ్ళ డబ్బు వ్యవహారాలూ అతనే చూసేవాడు.

ఫినిషర్ అడిగారు కదా. రోడ్ వారియర్స్ డూమ్స్‌డే డివైస్ మీరు చెయ్యాలనుకుంటున్నారని అర్థమైంది. యానిమల్ అవతలివాడిని భుజాల మీద కూర్చోబెట్టుకుంటే, హాక్ పై తాడు మీంచి ఎగిరి క్లోత్స్‌లైన్ కొట్టేవాడు. చూడ్డానికి మీ ఇద్దరి సత్తా అనిపిస్తుంది గానీ అందులో ప్రాణం పణంగా పెట్టేది మూడోవాడు. అంత ఎత్తునుంచి వెనక్కి పడేటప్పుడు మెడ ఎలా దాచుకోవాలో తెలియనివాడి మీద దాన్ని వాడొద్దు. కొత్తకుర్రాళ్ళకి అసలే వద్దు. దానికి బదులు నేల మీద జరిగేది ఇంకొకటి పెట్టుకోండి, ఏ రాత్రి ఎవరు దొరికినా చెయ్యగలిగేది. డడ్లీ బాయ్స్ త్రీడీ అలాంటిదే. ఒకడు ఎత్తి వదులుతాడు, రెండోవాడు మెడ పట్టుకుని కింద పడతాడు, క్షణంలో అయిపోతుంది.

నిచ్చెనలూ బల్లలూ మీద మోజు ఉంటే కాస్త ఆగండి. 2000లో సమ్మర్‌స్లామ్ షోలో మూడు జోడీలు, ఎడ్జ్-క్రిస్టియన్, హార్డీలు, డడ్లీలు, ఆడిన మొదటి టీఎల్‌సీ (బల్లలు, నిచ్చెనలు, కుర్చీలు) మ్యాచ్ చూసి నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. అదే ఎడ్జ్ 2011లో మెడ పాడై ఆట మానెయ్యాల్సి వచ్చింది, తొమ్మిదేళ్ళ దాకా తిరిగి రాలేకపోయాడు. బ్రిటిష్ బుల్‌డాగ్స్ జోడీలో డైనమైట్ కిడ్ సంగతి ఇంకా ఘోరం. 1986 డిసెంబరులో వెన్ను దెబ్బతింది. మరుసటి నెల బెల్టులు వదులుకునే మ్యాచ్‌కి అతను నడవలేని స్థితిలో వస్తే, జోడీ డేవీ బాయ్ స్మిత్ మోసుకుంటూ రింగు దగ్గరికి తెచ్చాడు. తర్వాత జీవితం చక్రాల కుర్చీలో గడిచింది. ఇది చదివి భయపడమని కాదు. ఒకడు ఆడలేని స్థితిలో ఉంటే రెండోవాడు ప్రమోటర్ దగ్గరికి వెళ్ళి "ఈ రాత్రి మేం ఆడం" అని చెప్పగలగాలి. దెబ్బ తిన్నవాడు తన నోటితో ఆ మాట అనడు. నాకు తెలిసి ఎవడూ అనలేదు.

డబ్బు విషయం. చాలామంది ప్రమోటర్లు ఒకరికిచ్చే దానిలో ఇద్దరిని సర్దాలని చూస్తారు. ముందే తెలుసుకుని వెళ్ళండి. వచ్చింది ఎంతైనా చెరిసగం, ఆ రాత్రి ఎవడు మెరిసినా సరే. ఒకే కారులో ప్రయాణం చెయ్యండి, మ్యాచ్‌లో ఏది తప్పిందో దారిలోనే తేలిపోతుంది. టీషర్టుల లెక్క మాత్రం ఇద్దరిలో ఒకడికే అప్పగించండి. యంగ్ బక్స్ జోడీ పెద్ద కంపెనీ అండ లేకుండా చొక్కాలు అమ్ముకుంటూనే ఎదిగారు. 2018లో రెజ్లర్ కోడీ రోడ్స్‌తో కలిసి ఆల్ ఇన్ అనే షో పెడితే పదివేలకు పైగా జనం వచ్చారు.

ట్యాగ్ అంటే రెండో రకం ఆట అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. 2023లో డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే అతిపెద్ద షో రెసిల్‌మేనియా 39 మొదటి రాత్రి ఆఖరి మ్యాచ్ ట్యాగ్ బెల్టులదే. 622 రోజులు బెల్టు నిలబెట్టుకున్న ఊసోస్ జోడీ ఆ రాత్రి కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ చేతిలో ఓడిపోయారు.

ఎప్పటికో ఒకనాటికి ఎవరో వచ్చి మీలో ఒకడి చెవిలో ఊదుతారు, నువ్వు ఒంటరిగా వెళ్తే చాంపియన్‌వి అని. అబద్ధం కాకపోవచ్చు కూడా. 1996లో రెసిల్‌మేనియాలో వరల్డ్ టైటిల్ కోసం తలపడిన బ్రెట్ హార్ట్, షాన్ మైకేల్స్ ఇద్దరూ ట్యాగ్ టీమ్‌లలోంచి వచ్చినవాళ్ళే. కానీ మైకేల్స్‌తో రాకర్స్‌లో ఉన్న మార్టీ జానెటీకి సింగిల్స్‌లో 1993 నాటి ఇంటర్‌కాంటినెంటల్ బెల్టే, అంటే వరల్డ్ టైటిల్ కన్నా ఒక మెట్టు కిందిదే, పై మెట్టు. విడగొట్టాలని కంపెనీ అనుకుంటే ఆపడం మీ చేతిలో లేదు. ఆ మాట మీ ఇద్దరికీ ఒకేసారి తెలిసేలా చూసుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది. చెవిలో ఊదినవాడి మాట ఆ రాత్రే రెండోవాడికి చెప్పెయ్యండి. మోర్టన్, గిబ్సన్ మధ్యలో ఎన్ని కంపెనీలు మారినా 2019లో, ఇద్దరూ అరవై దాటాక, ఎన్‌డబ్ల్యూఏ ట్యాగ్ బెల్టులు మళ్ళీ గెలిచారు.

ఇక పేరు. మీరు అనుకుంటున్న పేరు బాగానే ఉంది. కానీ ఏ కాంట్రాక్టు మీదైనా సంతకం పెట్టే ముందు ఆ పేరు ఎవరిదో చూసుకోండి. డడ్లీలు 2005లో వేరే కంపెనీకి వెళ్ళాక టీమ్ త్రీడీ అని పెట్టుకోవాల్సి వచ్చింది, పాత పేరు వాళ్ళది కాదు గనక. 2020లో డబ్ల్యూడబ్ల్యూఈ నుంచి బయటికొచ్చిన రివైవల్ వాళ్ళు ఎఫ్‌టీఆర్ అయ్యారు. టీమ్ పేరే కాదు, మనుషుల పేర్లూ మార్చుకున్నారు. మీ పేరు ముందే మీ ఇద్దరి పేర్ల మీద ట్రేడ్‌మార్క్ చేయించండి. ఒకడి పేరు మీద వద్దు. అది తేలేదాకా చొక్కాలు అచ్చు వేయించకండి.

మీ మాస్టారు