కుంటలో గుర్రపు డెక్క వేస్తే సీసం పోతుందా?

ప్రశ్న: పాత బ్యాటరీలు విప్పే షెడ్డు నీళ్లు మా పొలం పక్క వంకలో కలిసి కుంటకు చేరుతున్నాయి. గుర్రపు డెక్క వేస్తే సీసం పోతుందంటున్నారు. నిజమేనా? ఆ డెక్కను బర్రెలకు మేపవచ్చా?
– ఒక రైతు, కల్లూరు మండలం, కర్నూలు జిల్లా

జవాబు: ముందు బర్రెల సంగతి. ఆ డెక్క మేపొద్దు, ఆ కుంట నీళ్లూ తాపొద్దు. డెక్క సీసాన్ని, కాడ్మియాన్ని పీల్చుకునే మాట నిజమే. కానీ లోహం కుళ్లి పోయేది కాదు. నీళ్లలోంచి మొక్కలోకి, ముఖ్యంగా వేళ్లలోకి చేరుతుంది, అంతే. మొక్క కుంటలోనే కుళ్లితే మళ్లీ నీళ్లలోకే వస్తుంది. చాలాచోట్ల ఈ పద్ధతి చెడేది ఇక్కడే: వేయడం వేస్తారు, తీయడం మరుస్తారు.

మొదట నీళ్లు, అడుగు బురద రెండూ పరీక్ష చేయించండి. మామూలు భూసార పరీక్షలో సీసం చూడరు. సీసం, కాడ్మియం, ఉదజని సూచిక (పీహెచ్), ఇ.సి. (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) కావాలని అడిగి చేయించాలి. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కన సాగునీటిలో లీటరుకు సీసం 5, కాడ్మియం 0.01 మి.గ్రా. మించకూడదు. పశువులు తాగే నీళ్లలో సీసం 0.1 మి.గ్రా. లోపే ఉండాలి.

బ్యాటరీ నీళ్లలో యాసిడ్ ఉంటుంది. అందులో డెక్క బతకదు, సీసం కూడా కరిగే ఉంటుంది. అందుకే కుంటకు ముందే టార్పాలిన్ పరచిన రెండు గుంతలు కావాలి. మొదటి గుంతలో తడి సున్నం కొద్దికొద్దిగా కలుపుతూ, పీహెచ్ కాగితంతో చూస్తూ 8 దాకా తెచ్చి ఒకరోజు కదపకుండా ఉంచండి. సీసంలో చాలా భాగం అడుగున పేరుకుంటుంది. తేరిన నీళ్లను మాత్రమే రెండో గుంతకు వదలండి. రోజుకు 2,000 లీటర్లు వదిలి, 10 రోజులు నిలవాలంటే 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు చాలు. ఇంకా లోతైతే వేళ్లకు అందని నీళ్లు కిందనుంచే జారిపోతాయి.

సగం మేర డెక్క పరచి, ఎండాకాలంలో వారానికోసారి మూడో వంతు వేళ్లతో సహా తీసేయండి. ఊటనీరు తిరిగి గుంతలోకే కారేలా టార్పాలిన్ మీద ఆరబెట్టండి. వంద కిలోలు ఎండితే అయిదారు కిలోలే మిగులుతుంది. తగలబెట్టకండి, వర్మీకంపోస్టుకూ వాడొద్దు. గోతాల్లో కట్టి, గుంత అడుగు బురదతో పాటు ఎక్కడ అప్పగించాలో కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. ఫిర్యాదు కూడా అక్కడే ఇవ్వండి. షెడ్డు నీళ్లు ఆగకపోతే ఈ శ్రమకు అంతుండదు.

మన వైపు కుంట ఒండ్రు పొలానికి తోలడం అలవాటు. ఈ కుంట ఒండ్రు మాత్రం తోలొద్దు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆకుకూరలు మాని బంతి, చామంతి వేసుకోండి. ఇ.సి. ఎక్కువైతే డెక్క మాడుతుంది, అప్పుడు జమ్ము నాటండి. డెక్క ముక్క ఒక్కటి కె.సి. (కర్నూలు-కడప) కాలువలో పడినా అల్లుకుపోతుంది. రెండో గుంత తూముకు సన్నజాలి తప్పనిసరి.