అమెరికా కాలేజీ టెన్నిస్: మా అమ్మాయికి ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. అమ్మాయి టెన్త్ గ్రేడ్. చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడుతోంది. స్కూలు జట్టులో ఉంది, యూఎస్‌టీఏ (అమెరికా టెన్నిస్ సంఘం) టోర్నమెంట్లకూ వెళ్తుంది. కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఫుల్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నాం. కోచ్‌లతో మాట్లాడిపెడతామని ఒక ఏజెన్సీ వేల డాలర్లు అడుగుతోంది. ఇంతవరకు అమ్మాయి రాసిన ఈమెయిళ్లకు ఒక్క కోచ్ కూడా జవాబివ్వలేదు. డబ్బు కట్టమంటారా? మాది హెచ్1బీ వీసా, తనది దాని మీద పిల్లలకిచ్చే హెచ్4. - ఒక తల్లి

జవాబు: కట్టకండమ్మా. జవాబు రాలేదని అమ్మాయిని నిరుత్సాహపడనివ్వకండి కూడా. టెన్త్ పూర్తయిన ఏడాది జూన్ 15 వరకు డివిజన్ 1 టెన్నిస్ కోచ్ తన వైపు నుంచి చేరిక గురించి రాయకూడదు, ఫోన్ చేయకూడదు. అది కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. ఏజెన్సీ రాసినా అంతే. ఆ తర్వాత ఆగస్టు 1 నుంచి కాలేజీ ఖర్చుతో క్యాంపస్ చూడటానికి పిలవచ్చు. డివిజన్ 3లో నియమాలు ఇంత బిగువుగా ఉండవు, అక్కడి కోచ్‌లు ఇప్పుడే మాట్లాడతారు.

ఈమెయిల్ మాత్రం అమ్మాయే రాయాలి. ఏ సంవత్సరం గ్రాడ్యుయేట్ అవుతుంది, యూటీఆర్ (ఆట స్థాయిని చూపే రేటింగ్) ఎంత, జీపీఏ ఎంత, రాబోయే టోర్నమెంట్లు ఏవి, ఆ కాలేజీయే ఎందుకు - ఇవి పది వాక్యాల్లో చాలు. వీడియోలో గెలిచిన పాయింట్లే అతికించకుండా కొన్ని గేమ్‌లు మొత్తంగా పెట్టండి. ఓడిన పాయింట్ తర్వాత పిల్ల ఎలా నిలబడుతుందో కోచ్ చూస్తారు. ఫోన్ వచ్చినప్పుడు మీరు పక్కన కూర్చోండి గానీ మాట్లాడకండి. నాలుగేళ్లు ఆ కోచ్‌తో వేగాల్సింది తనే.

ఇక ఫుల్ స్కాలర్‌షిప్. డివిజన్ 1 మహిళల టెన్నిస్‌లో ఒకప్పుడు జట్టుకు 8 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 10 మందికి మించకూడదన్న లెక్క వచ్చింది. పరిమితి పోయినంత మాత్రాన కోచ్ చేతిలో డబ్బు ఉన్నట్టు కాదు. ఆ పది చోట్లకు విదేశీ క్రీడాకారిణులు, ఇతర కాలేజీల నుంచి బదిలీ అయ్యేవాళ్లు కూడా పోటీ. మన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలా ఇండియా నుంచి వెళ్లి అలబామా యూనివర్సిటీకి ఆడినవాడే.

అందుకే డివిజన్ అంకెను పక్కనపెట్టి, ఆడే చోటు దొరుకుతుందా అన్నది చూడమంటాను. జట్టు మ్యాచ్‌లో సింగిల్స్ ఆడేది ఆరుగురే. కాలేజీ వెబ్‌సైట్‌లో జట్టు పేర్లు తీసి, నాలుగు, ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవాళ్ల యూటీఆర్ చూడండి. మీ అమ్మాయిది దానికి దగ్గర్లో ఉంటే ఆ కోచ్‌కు రాయడంలో అర్థం ఉంది. కోచ్ ఆసక్తి చూపితే సూటిగా అడగమనండి: ‘మా బ్యాచ్‌లో ఎందరిని తీసుకుంటున్నారు? మీ జాబితాలో నేనెక్కడ?’ ఇది అడగడం మర్యాద తప్పడం కాదు.

డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. ఆ మాట వినగానే మనవాళ్లు లేచి వెళ్లిపోతారు, నాకు బాధేస్తుంది. ఎమరీ, కార్నెగీ మెలన్, షికాగో యూనివర్సిటీ, ఎంఐటీ టెన్నిస్ ఆడేది అక్కడే. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలు) డివిజన్ 1 అయినా ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వదు. ఇలాంటి చాలా కాలేజీల్లో ట్వెల్త్‌కు ముందు వేసవిలో కోచ్ మీ పాప మార్కులను అడ్మిషన్ ఆఫీసుకు ముందుగా చూపిస్తారు. కోచ్ మద్దతు ఎంత పనిచేస్తుందన్నది కాలేజీని బట్టి ఉంటుంది. ఎంఐటీలో తక్కువ.

చదువు విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. డివిజన్ 1కు 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్ లాంటి ప్రధాన సబ్జెక్టులు) కావాలి, వాటిలో పది ట్వెల్త్ మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. టెక్సస్‌లో మనవాళ్లు వేసవిలో పరీక్ష రాసి మ్యాథ్స్ క్రెడిట్ తెచ్చుకుని పై కోర్సుకు వెళ్తుంటారు కదా, ఆ పరీక్ష క్రెడిట్‌ను ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకోదు. అమ్మాయి అలా ఏదైనా దాటేసి ఉంటే ఈ వారమే స్కూలు కౌన్సెలర్‌తో కూర్చుని లెక్క చూసుకోండి.

హెచ్4 మీద ఉన్నా కాలేజీ జట్టులో ఆడవచ్చు, కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం రాదు. ఆటగాళ్లకు ప్రచారం పేరుతోనో, కాలేజీ ఆదాయంలో వాటాగానో ఇప్పుడు డబ్బు ఇస్తున్నారు. హెచ్4 మీద ఉద్యోగం చేయకూడదు కాబట్టి అలాంటి కాగితం ఏది వచ్చినా ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా సంతకం వద్దు. 21 ఏళ్లు నిండగానే హెచ్4 ఆగిపోతుంది, అది కాలేజీ మధ్యలో పడుతుంది. విద్యార్థి వీసా ఎఫ్1కు మారడంలో సాయం చేస్తారా, విదేశీ విద్యార్థి అయ్యాక ఫీజు, స్కాలర్‌షిప్ మారతాయా అన్నది ఒప్పుకోకముందే ఆ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును రాతపూర్వకంగా అడగండి.