పిడి మీద ఎర్ర 9 ఉంటే అది అసలైన మౌజర్ ‘రెడ్ నైన్’ అనుకోవచ్చా?

జర్మనీలో ఒక వ్యాపారి చూపిన మౌజర్ సి96 పిస్తోలు పిడికి రెండు పక్కలా ఎర్రటి 9 అంకె ఉందని, ఆ గుర్తును నమ్మి కొనవచ్చునా అని మీరు అడిగారు. ఆ అంకెను అన్నిటికంటే చివర చూడండి. పాత చెక్కలో 9 చెక్కి ఎర్ర రంగు నింపడానికి ఒక సాయంత్రం చాలు.

నెకర్ నది ఒడ్డున ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్‌లో ఈ పిస్తోలును మొదట 7.63 మి.మీ. తూటాకు తయారుచేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1916లో, జర్మన్ సైన్యం 9 మి.మీ. పారాబెల్లం తూటాకు సరిపడేలా 1,50,000 పిస్తోళ్లు కోరగా, యుద్ధం ముగిసేలోగా సుమారు 1,37,000 అందాయి. చూడటానికి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి కనుక, సైనికుడు పొరపాటున వేరే తూటా నింపకుండా పిడి మీద ఆ అంకె వేశారు; ‘రెడ్ నైన్’ అంటే ఈ సైనిక రకమే.

నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటూ, సేకర్తలకు ఇచ్చే ఎర్ర అనుమతి పత్రం తీసుకున్న తొలి ఏడాదే ఒక వేలంలో ‘రెడ్ నైన్’ అనుకుని ఒకటి కొన్నాను. ఇంటికి వచ్చాక భూతద్దం పెట్టి చూస్తే గురి చూసే వెనుక సైట్ పలక మీద దూరం తెలిపే అంకెలు 1000 వరకు ఉన్నాయి. సైన్యం తీసుకున్న రకానికి అవి 500 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అంటే నా చేతిలో ఉన్నది, తరువాత ఎవరో 9 మి.మీ. బ్యారెల్ బిగించిన మామూలు అమ్మకపు పిస్తోలు. ఎగుమతి కోసం పొడవైన మరో 9 మి.మీ. తూటాకూ మౌజర్ కొన్నిటిని తయారుచేసింది కాబట్టి, బ్యారెల్ కొలత ఒక్కటే సాక్ష్యం కాదు.

సైట్ సరిగా ఉంటే, పిస్తోలు తూటాల పెట్టె (మ్యాగజైన్) ముందు భాగాన సైన్యం తనిఖీ చేసినట్లు తెలిపే చిన్న గద్ద ముద్ర కోసం వెతకండి. ఆ తరువాత సీరియల్ నంబరు: పూర్తి నంబరు పెద్ద భాగాల మీద, దాని చివరి అంకెలు చిన్న భాగాల మీద ఉంటాయి, అవన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. కలిసినా అంతటితో వదిలేయకండి. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని, నంబరున్న చోట లోహం మీద వెలుగు గీత ఎలా పడుతుందో చూడండి. పాత నంబరును అరగదీసి కొత్తది కొట్టి ఉంటే అక్కడ సన్నని పల్లం ఏర్పడి, గీత వంగుతుంది. తుప్పు గుంతల అడుగున కూడా నల్లగా నిగనిగలాడే పూత ఉంటే అది ఈ మధ్య వేసినదే.

బ్యారెల్ పొట్టిగా, సైట్ కదలకుండా ఉండి, 1920 అనే ముద్ర కనిపిస్తే మాత్రం నకిలీ అని తోసేయకండి. యుద్ధం ముగిశాక జర్మనీ ఆయుధాలకు పరిమితులు పెట్టిన వెర్సాయ్ ఒప్పందం తరువాత బ్యారెల్‌ను 100 మి.మీ. లోపుకు తగ్గించి పోలీసులకు ఇచ్చిన పిస్తోళ్లు అలాగే ఉంటాయి, నాకైతే అవే ఎక్కువ ఇష్టం.

అనుమతి పత్రం చేతికి రాకముందు బయానా ఇవ్వకండి. భారత్‌కు పంపే ఆలోచన ఉంటే, పేలే స్థితిలో ఉన్న పిస్తోలుకు ఎంత పాతదైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి.

సి96 మొత్తంలో మర ఒక్కటే, పిడి చెక్కలను పట్టి ఉంచేది. దానిని విప్పి చెక్కల లోపలి వైపు చూపించమని అడగండి. వ్యాపారి నసిగితే నేనైతే అక్కడి నుంచి వచ్చేస్తాను.