సమాధానం: ఉతికాక బిగుసుకుపోయిన దిండు గలీబు

బెంగళూరు చిక్‌పేటలో కొన్న కాటన్‌ని 17×27 అంగుళాల దిండుకి సరిగ్గా అదే కొలతకి కత్తిరించానన్నారు కదా, సమస్య అక్కడే. కుట్టులోకి పోయే అంచు లెక్కలోకి రాలేదు. పైగా కొత్త కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ఆ గలీబుని సోఫా కుషన్‌కి వాడుకోండి, విప్పి కుట్టడం దండగ.

ఈసారి 44 అంగుళాల పన్నా బట్ట పావు తక్కువ రెండు మీటర్లు తీసుకోండి, రెండు గలీబులొస్తాయి. రాత్రి నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పట్టండి. ఒక్కోదానికి వెడల్పు 19, పొడవు 64 అంగుళాలు: ముందు వెనకలకి 28 చొప్పున, లోపలి మడతకి 6, అంచులకి 2.

చిన్న అంచులు రెండూ మడిచి కుట్టేయండి. బట్ట మంచివైపు పైకి పరిచి, ఒక కొసని 28 అంగుళాల దగ్గర మడవండి. మిగిలిన 6 అంగుళాల్ని దాని మీదకి తిప్పండి. ఈ వరసే ముఖ్యం, తారుమారైతే మడత బయటికొస్తుంది. పక్కలు అరంగుళం లోపల కుట్టి, మంచివైపు బయటికొచ్చేలా తిప్పేయండి. దిండు జారదు, జిప్ అక్కర్లేదు.

మీ మెషిన్‌లో అంచు పోగులు ఊడకుండా వేసే జిగ్‌జాగ్ కుట్టు లేదన్నారుగా, తిప్పేముందు పావంగుళం దగ్గర ఇంకో కుట్టు వేస్తే పోగులు అంతగా ఊడవు.