ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఏటి మధ్యనున్న లంక ఊళ్ళల్లో వరద భయం మీద ప్రాజెక్టు చేస్తానన్నావు, చాలా సంతోషం. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్ల పట్టుకోవలసిన విషయమే. అయితే నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "లంకల్లో వాళ్ళకే భయం ఎక్కువని నిరూపిస్తాను" అని రాశావు. నిరూపించడానికి వెళ్ళకు తల్లీ. నీ ఊహ తప్పైతే ఆ సంగతి బయటపడేలా పని ఏర్పాటు చేసుకుని వెళ్ళు. ఇన్నేళ్ళు సైకాలజీ పాఠం చెప్పినవాడిగా నీకు ముఖ్యంగా చెప్పేది ఇదే.

1934లో బీహార్ భూకంపం తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వవేత్త జనంలో తిరుగుతున్న పుకార్లు సేకరించాడు. భూమి కదిలినా నష్టం జరగని చోట్ల, ఇంకా పెద్ద ఉపద్రవం రాబోతోందని చెప్పుకున్నారు. బతికి బయటపడ్డవాళ్ళు ధైర్యం చెప్పుకోవాలి గదా, ఇదేమిటి? డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి నిజంగా నష్టం జరిగిన చోట దుర్గానంద్ సిన్హా అనే మరో మనస్తత్వవేత్త గమనిస్తే అలాంటి పుకార్లు కనపడలేదు. అమెరికా మనస్తత్వవేత్త ఫెస్టింజర్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. భయం లోపల ఉంది, కారణం కళ్ళ ముందు లేదు, ఆ కారణాన్ని పుకారు అందిస్తోంది అన్నాడు. మనసులో రెండు విషయాలు పొసగకపోతే మనిషి ఎలాగో పొంతన కుదుర్చుకుంటాడని 1957లో ఆయన అచ్చువేసిన "కాగ్నిటివ్ డిసొనెన్స్" సిద్ధాంతానికి ఇదొక ఆధారం. ఒక్కచోటే చూస్తే ఇది దొరికేది కాదు. అందుకే ఏటిగట్టు చాటున వరద తగలని ఊళ్ళకి కూడా వెళ్ళు. భయం అక్కడే ఎక్కువ ఉందేమో, ఎవరికి తెలుసు!

ఎక్కువ శ్రమ ప్రశ్నల మీద పెట్టు. "వరదంటే మీకు భయమేనా అండీ?" అని అడిగావనుకో, మనవాళ్ళు "ఆయ్, భయమేనండి" అంటారు. ఇంటికొచ్చిన పిల్ల మాట కాదనడం మర్యాద కాదు వాళ్ళకి. భయాన్ని పనుల్లో కొలువు. మొన్న హెచ్చరిక వచ్చిన రాత్రి సామాను అటకెక్కించారా? పశువుల్ని గట్టు మీదకి తోలారా? ఎన్నింటికి పడుకున్నారు? అన్ని ఊళ్ళల్లోనూ అవే ప్రశ్నలు, అదే వరసలో అడగాలి. రేవులో కనపడ్డవాళ్ళని అడిగి ఊరుకోకు, ఇళ్ళ జాబితా తీసుకుని చీటీలు వేసి ఎంచుకో. వయసు, డాబానా పెంకుటిల్లా, 1986 వరద చూశారా లేదా, ఇవన్నీ రాసుకో. లేకపోతే తేడా లంక వల్ల వచ్చిందో, ఇంటి కప్పు వల్ల వచ్చిందో చెప్పలేవు.

ఇదంతా చేసినా అది పోలికే, ప్రయోగం కాదు. ఎవరు లంకలో పుట్టాలో నువ్వు నిర్ణయించలేవు గదా. ప్రయోగం చేయాలనుంటే హెచ్చరిక మాట తీసుకో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది వినగానే తన వాకిట్లోకి నీళ్ళు వస్తాయో రావో ఎంతమందికి తెలుస్తుంది? సగం మందికి ఆ అంకె ఉన్న కాగితం, సగం మందికి "మీ ఊరి రోడ్డు మునుగుతుంది" అన్న కాగితం ఇచ్చి, ఏం చేస్తారో అడుగు. ఎవరికి ఏదో బొమ్మా బొరుసూ వేసి తేల్చు. అప్పుడు తేడా కనపడితే మాట వల్లనే అనడానికి నీకు హక్కుంటుంది. కానీ వరద రోజుల్లో చేయకు, ఇది నిజమైన హెచ్చరిక కాదని ముందే చెప్పు. నీ కాగితమే పుకారు కాకూడదు.

బయలుదేరే ముందే నీ ఊహ, ఏ లెక్క చూస్తావు, ఎంతమందిని అడుగుతావు, అన్నీ తేదీ వేసి రాసి మీ గైడుకి ఇవ్వు. సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాల్ని మళ్ళీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. గణాంకాల లెక్కన నిలబడ్డవి 36 శాతమే. లెక్కలు చూశాక ఊహ మార్చుకోవడం, ఫలితాలు ఇలా నిలబడకపోవడానికి ఒక కారణమంటారు.

వరదలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు తారసపడతారు. ముందు అనుమతి అడుగు, ఎప్పుడైనా ఆపేయవచ్చని చెప్పు, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే పెన్ను పక్కన పెట్టెయ్. యూనివర్సిటీ కమిటీ అనుమతి చేతికొచ్చాకే పడవెక్కు.

ప్రశ్నల కాగితం ముందు నాకు పంపు. మీ అత్తయ్యది లంక ఊరే, ఏ మాట అక్కడివాళ్ళకి అర్థం కాదో చదివి గుర్తు పెడుతుంది.

మీ మామయ్య