దేవుడు ప్రవచనాలను ఒకేసారి చెప్పకుండా విడతలవారీగా ఎందుకు బయలుపరిచాడు?

అన్నీ ముందే తెలిసిన దేవుడు ఒక్కసారే చెప్పెయ్యొచ్చు గదా అని అడిగారు. పైగా ఇప్పటి యుద్ధాలతో ప్రవచనాల లెక్క సరిపోతోందని మీ సంఘంలో అంటున్నారని కూడా రాశారు. ఆ లెక్కలంటేనే నాకు చిరాకు.

మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు కుటుంబం. వేసవిలో మా ఊళ్లో ఉజ్జీవ సభలు పెడతారు. సౌండు బాక్సులు సరిగ్గా చంటిపిల్లల తల్లుల పక్కనే పెడతారు, అది వేరే గొడవ. ఒక ఏడాది వచ్చిన ప్రసంగీకుడు స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు (బిల్లు సంఘం నెత్తినే పడింది). దానియేలు గ్రంథంలో బబులోను రాజు నెబుకద్నెజరు కలలోని ప్రతిమ: బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్లు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. కర్రతో ఒక్కో కాలివేలినీ తట్టి ఒక్కో దేశం పేరు చెబుతున్నాడు. గాలికి ఫ్లెక్సీ మడతపడి నాలుగు వేళ్లు మాయమైతే యూత్ కుర్రాళ్లు పరిగెత్తి పట్టుకున్నారు. చివరికి యేసు రెండో రాకడకి ఎన్నేళ్లుందో కూడా తేల్చేశాడు.

ముందు చాప మీద కూర్చున్న మా అమ్మమ్మ లేచింది. బడికి వెళ్లింది తక్కువే గానీ బైబిలు అట్టలు ఊడేదాకా చదివిన మనిషి.

"అయ్యగారూ, వందనాలు. ఆ గ్రంథానికి అంత్యకాలం దాకా ముద్ర వెయ్యమని దానియేలుకే చెప్పాడు గదా. మీకెవరు తీసిచ్చారయ్యా?"

ఆడవాళ్ల వైపు నవ్వులు. ఆయన "ప్రశ్నలు తర్వాతమ్మా" అని కానుకల పాట ఎత్తుకోమన్నాడు. ఆ తర్వాత అనేది రానేలేదు.

నన్నడిగితే మీ ప్రశ్నకి జవాబు దానియేలు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. యూదులు బబులోనులో చెరలో ఉండేది 70 ఏళ్లని యిర్మీయా ప్రవక్త ముందే రాసిపెట్టాడు. కుర్రాడిగా బబులోనుకి వెళ్లిన దానియేలుకి ఆ సంగతి గ్రహింపుకొచ్చిందెప్పుడు? బబులోను కూలిపోయి, దర్యావేషు ఏలుబడి మొదటి ఏట, ముసలితనంలో. అప్పుడైనా ఆయన చార్టు గీయలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని, ఉపవాసముండి తన జనం పాపాలు ఒప్పుకున్నాడు. ఇంకా ప్రార్థిస్తుండగానే గబ్రియేలు దూత వచ్చాడు. ఈయన అడిగింది 70 ఏళ్ల గురించి, ఆయన విప్పింది 70 వారాల సంగతి. ముందు చెప్పినదానికి మనిషి మోకాళ్లూనాకే తర్వాతిది వస్తుంది. విడతలంటే నా లెక్కలో ఇదే.

శిష్యులూ అంతే. యేసు గాడిదనెక్కి యెరూషలేములోకి వస్తుంటే పక్కనే నడిచారు గానీ, అది జెకర్యా ప్రవక్త చెప్పినదేనని ఆయన మహిమ పొందాకే గుర్తుకొచ్చిందని యోహాను దాచకుండా రాశాడు. కళ్లముందు జరిగేది వాళ్లకే అందలేదంటే, యూట్యూబులో వార్తలు చూసి మనం పట్టేస్తామా? అమెరికాలో విలియం మిల్లర్ వెంట నడిచినవాళ్లు దానియేలులోని 2300 దినాలను ఏళ్లుగా కూడి క్రీస్తు వచ్చేది 1844 అక్టోబరు 22న అని ఖాయం చేసుకున్నారు. పంట కొయ్యకుండా వదిలేసినవాళ్లూ ఉన్నారు. మర్నాడు మామూలుగానే తెల్లారింది.

మా ఒంగోలు సంగతే చూడండి. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున నెల్లూరులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర కొద్దిమందితో ఇక్కడి కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించాడు. అప్పటికి నెల్లూరు మిషన్‌నే మూసేద్దామని అమెరికాలో మాటలు. ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. కరువులో బకింగ్‌హామ్ కాలువ పని చేయించినన్నాళ్లూ, తిండికోసం చేరారన్న మాట రాకూడదని ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీద ప్రార్థించినవాళ్లెవరికీ ఈ ఏళ్లేవీ ముందు తెలియవు. అడిగిన పన్నెండేళ్లకి మనిషి, ఇంకో పన్నెండేళ్లకి కోత. ఇది చూసి ఎవరైనా పన్నెండుతో కొత్త చార్టు మొదలుపెడతారేమో, దయచేసి వద్దు.