స్కాన్‌లో అమ్మ ‘రేపు’ కనిపిస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరైంది. ఏడాదిగా చెప్పిందే చెబుతోంది. పొద్దున వేసుకున్న బీపీ మాత్ర మధ్యాహ్నానికి గుర్తుండదు. వంట, బ్యాంకు పనులు మాత్రం తనే చూసుకుంటుంది. డాక్టరు ‘ఎంసీఐ’ (మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, అంటే డిమెన్షియా దాకా వెళ్లని స్వల్ప మతిమరుపు) అన్నారు. ఎంఆర్ఐలో హిప్పోక్యాంపస్ దగ్గర మెదడు పరిమాణం కొద్దిగా తగ్గిందని, స్కోరు 1 అని రాశారు. పెట్ స్కాన్ చేయిస్తే అల్జీమర్స్ వస్తుందో రాదో తేలిపోతుందని అమెరికా నుంచి అన్నయ్య అంటున్నాడు. హైదరాబాద్ తీసుకెళ్లమంటారా? అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

న్యూరాలజిస్టు జవాబు: ముందు ఆ ‘1’ గురించి టెన్షన్ వదిలేయండి. హిప్పోక్యాంపస్ రెండు కణతల లోపలి వైపు ఉంటుంది. కొత్త సంగతి మనసులో నిలవాలంటే అది పని చేయాలి. అందుకే పాతికేళ్ల కిందటి పిల్లల పేర్లు గుర్తుండి, పొద్దున మాత్ర గుర్తుండకపోవచ్చు. అక్కడ ఎంత తగ్గిందో చూసి 0 నుంచి 4 దాకా స్కోరు వేస్తారు. 75 లోపు వయసులో స్కోరు 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అనుమానిస్తాం. ఈ వయసులో 1 అంటే జుట్టు నెరవడం లాంటిదే.

ఎంసీఐతో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఏడాదికి నూటికి 10 నుంచి 15 మందికి అది డిమెన్షియాగా, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితిగా మారుతుంది. కొందరు ఏళ్ల తరబడి అలాగే ఉంటారు. మళ్లీ మామూలయ్యేవాళ్లూ ఉన్నారు.

పెట్‌లో ఒక రకం, మెదడులో ఎక్కడ చక్కెర వాడకం తగ్గిందో చూపిస్తుంది. ఇంకోటి అమిలాయిడ్ పెట్. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను చూపిస్తుంది. ఆ ప్రొటీన్ పేరుకోలేదని వస్తే, మతిమరుపుకు కారణం అల్జీమర్స్ కాదని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు. పేరుకుందని వస్తే ముప్పు ఎక్కువన్నది నిజమే కానీ, ఎప్పుడన్నది తేలదు. మతిమరుపు ఏమాత్రం లేని పెద్దవాళ్లలోనూ అది కనిపిస్తుంది. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ లాంటి మందు పెట్టాలనుకుంటే మాత్రం అమిలాయిడ్ ఉందో లేదో తెలియాల్సిందే.

ఈ అంచనాలకు పెద్ద ఆధారం 2004లో అమెరికాలో మొదలైన ఏడీఎన్ఐ అనే అల్జీమర్స్ స్కాన్ల పరిశోధన. మొదట చేరిన సుమారు 800 మందిలో సగం మంది ఎంసీఐ ఉన్నవాళ్లే. వందమందిలో ఎందరికన్నది ఇలాంటి లెక్కలతో చెప్పొచ్చు. ఆ వందలో మీ అమ్మగారు ఎటువైపో చెప్పలేం. స్కాన్లు ఒకేలా ఉన్నా మనుషులు ఒకేలా ఉండరు. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. మీ హిందీ పండిట్‌గారికి ఈ సంగతి చెప్పండి.

నేనైతే ముందు బి12, థైరాయిడ్, వినికిడి, నిద్ర చూస్తాను. మనసులో దిగులేమైనా ఉందేమో అడుగుతాను. నిద్రమాత్రలు వాడుతుంటే ఆ చీటీ డాక్టరుకు చూపించండి. ఆరు నెలలయ్యాక అదే జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే మళ్లీ చేయించండి. మార్కులు తగ్గితే అప్పుడు పెట్ గురించి ఆలోచించొచ్చు.

అమ్మకు చెప్పకుండా మాత్రం రైలెక్కించకండి. బ్యాంకు పనులు తనే చూసుకునే మనిషి. తన సంగతి తనకన్నా ముందు అమెరికాకు తెలియడం నాకు బాధనిపించింది. ఆ ఫలితం తెలుసుకోవాలని ఉందో లేదో ఆవిడనే అడగండి. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన పెట్ వద్దన్నారు. ఆ వారమే లాయరు దగ్గరికెళ్లి, ఇల్లు ఎవరికో తన చేత్తో రాసి సంతకం పెట్టారు.